పరభాషారచనాభ్యాసము – చరవాణి: చండ్రుగొండ బాలుర విషయమున ఒక విచారణ

తెలుగుదేశమున సంస్కృతము తల్లి ఒడిలో అబ్బిన భాష కాదు. ఇంట తెలుగు మాటాడుచు, గురుసన్నిధిని శబ్దమంజరితో ఆరంభించి, అమరమును కంఠస్థము చేసి, రఘువంశమునకు అన్వయము చెప్పుకొనుచు నేర్చిన భాష. అట్లు నేర్చినవారే ఆ భాషలో గ్రంథకర్తలైరి. నేటి మెదకు జిల్లాలోని కొల్చారమునకు చెందినవాడని ప్రసిద్ధుడైన మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్రాసిన వ్యాఖ్యలు ఈనాటికిని దేశమంతట పాఠ్యములుగా నున్నవి. కోనసీమలోని ముంగండకు చెందిన జగన్నాథ పండితరాయలు షాజహాను కొలువున మన్ననలంది, రసగంగాధరమును రచించెను. కావున మాతృభాష కాని భాషలో వ్రాయ నేర్చుట యెట్లు అను ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. క్రొత్తది సాధనము మాత్రమే. ఆ సాధనమే చరవాణి. జనుల నోట సెల్‌ఫోను.

ఈ సాధనము రచనాభ్యాసమునకు ఉపకరించునా, అపకరించునా అను చర్చ సాధారణముగా నగరములలోని ఆంగ్లాభ్యాసమును గూర్చియే జరుగుచున్నది. కాని తెలుగే రెండవ భాషగా నేర్చుకొనుచున్న బాలురు తెలుగుగడ్డమీదనే కలరన్న సంగతి పండితులకు సైతము తఱచుగా తట్టదు. కొత్తగూడెమునకు దక్షిణమున, ఖమ్మము మైదానమునకును భద్రాచలపు అడవులకును నడుమనున్న చండ్రుగొండ మండలము ఇందులకు నిదర్శనము. 2016 వరకు ఖమ్మము జిల్లాలోనుండి, పిదప భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరిన ఈ సీమలో గూడెములలో కోయభాష, తండాలలో లంబాడీభాష, ఊళ్లలో తెలుగు వినవచ్చును. ఒకే తరగతిగదిలో మూడు మాతృభాషల పిల్లలు ప్రక్కప్రక్కన కూర్చుండి ఒకే తెలుగు వాచకమును చదువుదురు. పాఠశాలపట్టికలో మాత్రము తెలుగు అందఱికిని ‘ప్రథమభాష’యే. 2018లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన చట్టము పాఠశాలలలో తెలుగును తప్పనిసరి చేసినది. ఆ చట్టము మేలైనదే. అయినను పట్టికలో ప్రథమభాష యన్నంతమాత్రమున బాలుని నాలుకకు అది ప్రథమభాష కాజాలదు. గూడెపు బాలునకు తెలుగు ద్వితీయభాష. నగరములోని తెలుగు బాలునకు ఆంగ్లమెట్లో ఇతనికి తెలుగు అట్లు.

ఇక పూర్వపక్షము. చరవాణిని సమర్థించువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. 1991లో వెలువడిన యూనికోడు తొలికూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది. దానివలన ఒక యంత్రమున వ్రాసిన తెలుగును వేఱొక యంత్రమున చదువగలుగు స్థితి క్రమముగా ఏర్పడినది. 2017 ఆగస్టులో గూగుల్ సంస్థ తెలుగుతో కలిపి ఎనిమిది భారతీయభాషలకు, పలికిన మాటను అక్షరములుగా మార్చు సదుపాయమును కల్పించినది. కరోనా మహమ్మారి వలన బడులు మూతపడగా, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారమునను చరవాణుల ద్వారమునను సాగినవి. నిఘంటువు లేని యింట నిఘంటువు, గ్రంథాలయము లేని యూర గ్రంథాలయము అఱచేతిలోనికి వచ్చినవి. బడిలో వ్రాయుట పరీక్షకొఱకు మాత్రమే. చరవాణిలో వ్రాయుట ఒక మనిషికొఱకు. అన్నకు, స్నేహితునకు, మేనమామకు వ్రాయునపుడు బాలునకు వ్రాయవలెనన్న కోరిక పుట్టును. కోరిక లేని అభ్యాసము నిలువదని పూర్వులును ఎఱుగుదురు.

దీనికి దేశాంతరమున ఒక ప్రమాణమును కలదు. పడమటి ఆఫ్రికాలోని నైజరు దేశమున 2009లో 113 గ్రామములలో వయోజనవిద్యా కార్యక్రమము నొకదానిని ఆరంభించిరి. అందు కొన్ని గ్రామముల విద్యార్థులకు సామాన్యమైన చరవాణులను ఉమ్మడిగా వాడుకొన నిచ్చి, చిన్న సందేశములు వ్రాసి పంపుట నేర్పిరి. చరవాణి లేని గ్రామములవారికంటె వీరు చదువులోను లెక్కలలోను ముందంజ వేసిరని 2012లో ప్రకటితమైన పరిశీలన తేల్చినది. ఇట్టి ప్రమాణముండగా పాతపద్ధతిని పట్టుకొని వ్రేలాడుట మూఢత కాదా యని పూర్వపక్షి అడుగును.

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు ‘వ్రాత’ యను ఒక్క మాటలో ఎన్ని పనులు ఇమిడియున్నవో విడదీయవలెను. లిపిని కూర్చుట ఒకటి, పదమును ఎన్నుకొనుట రెండవది, వాక్యమును నిర్మించుట మూడవది. ఈ మూడింటియందును చరవాణి ఫలము ఒక్కతీరుగా లేదు.

మొదట లిపి. చరవాణిలో తెలుగు వ్రాయుటకు వాడుకలో ముఖ్యముగా రెండు మార్గములు కలవు. తెలుగు అక్షరములే కనబడు మీటలపలకపై వ్రాయుట ఒకటి. ఈ మార్గమున ‘క్ష’ కావలెనన్న కకారమును నొక్కి, పొల్లును నొక్కి, షకారమును నొక్కవలెను. అనగా సంయుక్తాక్షరమున మొదటి వర్ణము హల్లుమాత్రమే యనియు, అచ్చు చివరిదానితో చేరుననియు బాలుని వ్రేలికి తెలియును. పలకమీద దిద్దుటలో ఒక బొమ్మగా మాత్రమే కనబడు ఒత్తు ఇచట వర్ణక్రమముగా విడివడును. శిక్షాశాస్త్రము నేర్పదలచిన వర్ణవిభాగమునే ఈ పలక తెలియకుండ నేర్పుచున్నది. ఇది నిజమైన ఉపకారము, అంగీకరింపవలసినది.

రెండవ మార్గము ఆంగ్లాక్షరములతో వ్రాయగా యంత్రము తెలుగులోనికి మార్చునది. ఈ మార్గమున బాలుడు రకారమునకును ఱకారమునకును, దకారమునకును డకారమునకును ఆంగ్లాక్షరములలో ఆనవాలు వెదకుకొనును. కంటికి తెలుగు కనబడును గాని వ్రేలికి తెలుగు అలవాటుకాదు. రెండవ భాషను మూడవ భాష లిపి ద్వారమున నేర్చుట ఎవరికైనను కష్టమే. గూడెపు బాలునకు మఱింత. కావున చరవాణి మంచిదా చెడ్డదా యని అడుగుటకు ముందు ఏ పలక అని అడుగవలెను.

పిదప పదము. ఇచట చిక్కు మొదలగును. గోండీ, కోయ భాషలలో ‘ఏరు’ అనగా నీరు. తెలుగున ఏరు అనగా వాగు. రెండును ఒకే ద్రావిడ కుటుంబమునకు చెందిన అక్కచెల్లెండ్రగుటచే ఇట్టి మాటలు అనేకము. కోయ బాలుడొకడు ‘దప్పికైనది, ఏరు త్రాగితిని’ అని వ్రాసెననుకొనుడు. అది అతనికి తప్పుగా తోచదు. యంత్రమునకును తోచదు, ఏలనన ‘ఏరు’ తెలుగు నిఘంటువున నున్న మాటయే, అక్షరదోషము లేనిదే. ఆ తప్పును పట్టగలవాడు కోయయు తెలుగును ఎఱిగిన ఉపాధ్యాయుడు ఒక్కడే. అతడు దానిని తప్పనుటకు ముందు, ‘మీ భాషలో నీరు, మా భాషలో నీరు పాఱు త్రోవ, చూచితివా, ఎంత దగ్గఱచుట్టములో’ అని చెప్పగలడు. ఆ ఒక్క మాటతో బాలునకు తన భాష సిగ్గుపడదగినది కాదనియు, తెలుగు తనకు పరాయిది కాదనియు తెలియును. ఈ పని ఏ యంత్రమును చేయదు.

మహాప్రాణముల విషయమును ఇట్టిదే. ఖ, ఘ, ధ, భ మొదలగు వర్ణములు ద్రావిడభాషల సొత్తు కావు. తెలుగునకు సంస్కృతప్రాకృతముల వలన సంక్రమించినవి. కోయ బాలుడు ‘ధనము’ను ‘దనము’ అని వ్రాసినచో అతని చెవి అతనికి చెప్పినదే వ్రాసెను. ప్రక్కనున్న లంబాడీ బాలునకు ఆ చిక్కు లేదు. లంబాడీ ఆర్యభాషాకుటుంబమునకు చెందినదగుటచే మహాప్రాణములు అతని ఇంటిలోనే వినబడును. అతని తప్పులు వేఱుచోట నుండును. ఒకే గదిలోని ఇద్దఱు బాలుర తప్పులకు కారణములు రెండైనప్పుడు చికిత్సయు రెండు విధములుగా నుండవలెను. చరవాణి మాత్రము ఇద్దఱికిని ఒకే మందు నిచ్చును. ‘దన’ అని మొదలిడగానే ‘ధనము’ను చూపును, బాలుడు నొక్కును, తప్పు మాసిపోవును. మాసినది కాగితముమీది తప్పు మాత్రమే. అతని చెవిలోని తప్పు అట్లే యుండును. ఉపాధ్యాయునకు చేరు వ్రాతలో ఏ తప్పును కనబడదు గావున అతడు దిద్దుటకును అవకాశముండదు. బాలుని తప్పు ఉపాధ్యాయునకు వైద్యునికి నాడివంటిది. దానిని కప్పిపుచ్చు సాధనము రోగికి మేలు చేసినట్లు కాదు.

మూడవది వాక్యము. తెలుగున ఏకవచనమున ‘అన్న వచ్చెను’, ‘అక్క వచ్చినది’, ‘ఆవు వచ్చినది’ అందుము. స్త్రీయు పశువును ఒకే క్రియను పొందును. బహువచనమున మాత్రము స్త్రీలు పురుషులతో చేరి ‘అక్కలు వచ్చిరి’ యగును; ఆవులు ‘వచ్చినవి’ యగును. గోండీ వర్గపు భాషలలో బహువచనమునను స్త్రీలు పురుషేతరులతోనే యుందురని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. కావున గూడెపు బాలిక ‘అక్కలు వచ్చినవి’ అని వ్రాసినచో నవ్వదగినది లేదు. ఆమె తెలుగు ఏకవచనపు న్యాయమును బహువచనమునకు విస్తరించినది. తన మాతృభాషయు ఆ న్యాయమునే సమర్థించినది. తర్కదృష్టితో చూచినచో తెలుగు వ్యవస్థకంటె ఆమె వ్యవస్థయే సమముగా నున్నది. ఆమెకు కావలసినది దిద్దుబాటు మాత్రమే కాదు. రెండు భాషల నడుమ భేదమెచటనో చెప్పు ఒక చిన్న వివరణ.

ఇట్టి వాక్యమును గూర్చి యంత్రమేమి చేయును? అక్షరములు సరిగా నున్నవని దాటవేయవచ్చును. లేదా వాక్యము నంతను మార్చి క్రొత్తవాక్యము నీయవచ్చును. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట రెండవది సులభమైనది. ఇప్పుడు బాలుడు మాట పూర్తిచేయక మునుపే యంత్రము పూర్తిచేయగలదు. విషయము చెప్పినచో వ్యాసమే వ్రాసి ఈయగలదు. మునుపటి భయము తప్పులు మిగులునని. ఇప్పటి భయము తప్పులు లేని వ్రాతలో బాలుడు మిగులడని.

పలికిన మాటను వ్రాయించు సదుపాయమును ఈ వెలుగులోనే చూడవలెను. అది కోయను గుర్తింపదు. తెలుగును మాత్రమే గుర్తించును. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ వెలువరించిన ఆదివాణి అనువాదసాధనమున తొలుత సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలకు చోటు దొరికినది. ఇది శుభారంభమే. 2011 జనగణనలో నాలుగు లక్షలకు పైగా జనులు తమ మాతృభాషగా చెప్పిన కోయకు ఆ తొలిజాబితాలో వేఱుగా చోటు లేదు. అంతదనుక గూడెపు బాలుడు యంత్రముతో మాటాడవలెనన్న తన యాసను దాచుకొని మాటాడవలెను. దాచుకొని మాటాడువాడు తక్కువ మాటాడును. తక్కువ మాటాడువాడు మఱింత తక్కువ వ్రాయును.

సంప్రదాయ పాఠశాలలు ఈ విషయమున చెప్పునదేమి? వ్రాతను మితిమీఱి నమ్మవలదని చెప్పును. పాణినీయశిక్ష వ్రాసినదానిని చూచి చదువువానిని అధమపాఠకులలో లెక్కించినది. ఇది వ్రాతను నిందించుట కాదు. లోపల లేనిదానిని వెలుపలి సాధనముపై మోపుటను నిందించుట. తాటియాకుపై గంటముతో వ్రాయు కాలమున అక్షరము చెఱుపుట సులభము కాదు. అందుచే వాక్యము ముందు మనస్సున పూర్తిగా కుదురుకొని పిదప ఆకుమీదికి వచ్చెడిది. సమస్యాపూరణము రచనాభ్యాసమునకు పెట్టిన పరీక్షయే. ఒక్క పాదమిచ్చి తక్కిన మూడింటిని విద్యార్థియే కూర్చవలెననుటలో రహస్యమిది: సహాయము స్వల్పము, శ్రమ అధికము, దిద్దువాడు ఎదుట. చరవాణి నేడు ఇచ్చుచున్నది దీనికి విపరీతము: మూడు పాదములు తానే ఇచ్చి నాలుగవదానికి బాలుని అనుమతి యడుగును.

అట్లని పాతకాలపు పాఠశాల నిర్దుష్టమనుట సత్యము కాదు. వల్లెవేయుట పేరిట అర్థము తెలియని కంఠపాఠము ఎందఱి బాల్యమును ఎండగట్టినదో పెద్దలు ఎఱుగుదురు. అదిగాక ఆ పాఠశాలల వాకిళ్లు గూడెపు బాలునకు ఎన్నడును తెఱువబడలేదు. చరవాణి ఏ కులమును అడుగక అందఱి చేతికిని వచ్చినది. ఈ ఒక్క గుణముచేత అది గౌరవార్హమే. కావున దానిని బహిష్కరింపుడనుట సిద్ధాంతము కాజాలదు.

సిద్ధాంతమునకు దారిచూపునది మఱియొక దేశపు అనుభవము. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున పల్లెబడులలోని పిల్లలకు పెద్దయెత్తున చిన్న కంప్యూటర్లను పంచిరి. 319 బడులను పరిశీలించి 2012లో ప్రకటించిన నివేదికలో గణితమునందుగాని భాషయందుగాని చెప్పుకోదగిన వృద్ధి కనబడలేదని తేలినది. నైజరున ఫలించినది పెరూలో ఫలింపకపోవుటకు సాధనముల తారతమ్యము కారణము కాదు. నైజరువారి ఫోనులే చవుకవి. భేదము వేఱుచోట నున్నది. నైజరున ఉపాధ్యాయుడు ఎదుట నుండెను. అభ్యాసము హౌసా, జర్మా యను స్వభాషలలో జరిగెను. ఫోను చేసిన పని అభ్యాసకుని మాటను వేఱొకనికి చేర్చుట మాత్రమే. అనగా ఫోను తపాలావాని పని చేసినది, లేఖకుని పని చేయలేదు. ఈ విచారణమునకంతకును సారమిదియే: పరభాషారచనకు చరవాణి తపాలావానిగా మేలు, చెవిగా మేలు, లేఖకునిగా కీడు.

ఈ సారమునుండి చండ్రుగొండవంటి చోట ఆచరణయోగ్యమైన క్రమమొకటి ఏర్పడును. మొదట బాలుడు ఇంటిలో అవ్వ చెప్పు కథనో, అడవిలోని చెట్టుమందు సంగతినో కోయలోనే చరవాణిలో ధ్వనిముద్రణము చేయవలెను. దానిని మరల మరల విని, సూచనల మీటను కట్టివైచి, చేతితో తెలుగున నోటుపుస్తకమునందు వ్రాయవలెను. ఆ పిదప తెలుగు మీటల పలకపై దానిని తానే కూర్చి ఉపాధ్యాయునకు పంపవలెను. ఉపాధ్యాయుడు తప్పును దిద్ది పంపక, ప్రశ్న పంపవలెను: ‘త్రాగినది ఏటినా, నీటినా?’ బాలుడు మరల వ్రాయవలెను. మొదటి వ్రాతను చెఱపక రెండింటిని భద్రపఱుపవలెను. ఏడాది చివర ఆ వరుస చూచినచో బాలుడెంత దూరము నడచెనో అతనికే తెలియును. దీనికి ఇంటింట ఒక్కొక్క ఖరీదైన ఫోను అక్కఱలేదు. తరగతికి రెండు మూడున్నను చాలును. సంకేతములందని గూడెమునందును ధ్వనిముద్రణమునకు ఆటంకము లేదు.

అక్కఱయైనది మఱియొకటి కలదు: కోయ తెలిసిన ఉపాధ్యాయుడు. మాతృభాషలో ప్రాథమికవిద్యకు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో కోయ, గోండీ, కొలామీ, సవర, లంబాడీ మొదలగు ఎనిమిది భాషలలో బహుభాషావిద్యా కార్యక్రమమును ఆరంభించి, తెలుగు లిపిలోనే వాచకములను సిద్ధపఱచిరి. 2020 జాతీయ విద్యావిధానమును మాతృభాషాబోధననే సమర్థించినది. మార్గము తెలియక కాదు, ఆ మార్గమున పట్టుదలతో నడచుట కొఱవడినది. ఉపాధ్యాయునకు బదులు ఫోను చాలునన్న భ్రమ ఈ కొఱతకు మఱియొక సాకు కాగూడదు. ప్రాచ్యకళాశాలలు సైతము తమ భాషాప్రవీణ విద్యార్థులకు తెలుగును రెండవ భాషగా బోధించు పద్ధతిని ప్రత్యేకముగా నేర్పవలెను. తెలుగు వచ్చినవానికి తెలుగు వ్యాకరణము చెప్పుట వేఱు; తెలుగు రానివానికి తెలుగు చెప్పుట వేఱు.

ఇదంతయు మార్కులకొఱకైన చర్చ కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ననుసరించి 2021 నవంబరులో పోడుభూముల హక్కులకై ప్రభుత్వము అర్జీలు స్వీకరించినది. అట్టి అర్జీలో తాను ఏ సంవత్సరమునుండి ఏ చెలకను సాగుచేయుచున్నాడో, హద్దులేవో, సాక్షులెవరో స్పష్టముగా చెప్పవలెను. ఒక్క మాట తారుమాఱైనను భూమి చేజాఱవచ్చును. తన అర్జీని వేఱొకడు వ్రాసి, తాను వ్రేలిముద్ర వేయు తాతలకాలము గూడెములలో ఇంకను పూర్తిగా గతింపలేదు. రేపు ఆ మనుమడు ఫోనుతో అర్జీ వ్రాయించును. అది సలక్షణమైన తెలుగున, అక్షరదోషము లేకుండ వచ్చును. అందు వాగు ఉన్నదో నీరు ఉన్నదో, తాత సాగుచేసిన భూమి ఉన్నదో లేదో అతడు చదివి తేల్చుకొనలేనినాడు అతని సంతకమునకును తాత వ్రేలిముద్రకును భేదమేమి? ఆ భేదమును కల్పించుటయే రచనాభ్యాసమునకు ప్రయోజనము. అందులకు తోడ్పడినంతవఱకే చరవాణి చండ్రుగొండ బడిలోనికి రాదగినది.